ఇంటి బెంగ పరీక్ష

ఇక్కడే ఉండిపోరన్న నమ్మకం కుదిరితేనే విదేశీ విద్యార్థులకు వీసా పొడిగిస్తారు. మణికట్టుకు పట్టీ కట్టి, ఇంటి మీద బెంగ ఎంతుందో నాడిలో చూస్తారు. విశాఖలో వైద్యం చదువుతున్న ఇంగ్లండు పిల్ల హేజెల్ అందులో తప్పింది. ఇవాళ పదకొండింటికి చివరి పరీక్ష. అదీ పోతే చదువు మధ్యలోనే ఆగిపోతుంది.

"మీ అమ్మని తలుచుకోవే మొద్దూ," అంది మెస్సు నడిపే ఆదెమ్మ, కంచం పెడుతూ.

"తలుచుకుంటూనే ఉన్నాను పిన్నీ. మొహం అమ్మదే వస్తోంది, తిట్లు మాత్రం నీ గొంతుతో వినిపిస్తున్నాయి."

నాలుగేళ్లుగా కొసరి కొసరి వడ్డించిన తన చేతిని చూసుకుంది ఆదెమ్మ. ఇక్కడి తిండి మీద విసుగైనా పుట్టాలని, పప్పుచారులో గుప్పెడు ఉప్పు కలిపి పోసింది.

హేజెల్ ఒక్క ముద్ద తిని, కళ్లు తుడుచుకుని, "ఇంకొంచెం పొయ్యవా పిన్నీ?" అంది.