ముప్పై నాలుగు ఛాతీ

"పదమూడున్నర," అన్నాడు టైలరు, తన జబ్బ చుట్టూ టేపు బిగించి పట్టుకుని. "చేరిన రోజు పన్నెండు కూడా లేదు. ఇక కొట్లాటకి దిగొచ్చా?"

జిమ్ము కోచ్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

"కండ వేరు, కొట్లాట వేరు మాస్టారూ. ఈ బరువులు ఎంత ఎత్తినా తిరిగి కొట్టవు. అవతలి మనిషి కొడతాడు."

"అవతలి మనిషిది ముప్పై నాలుగు ఛాతీ. నాది నలభై రెండు," అన్నాడు టైలరు. పాతికేళ్లుగా మనుషుల్ని చూపుతోనే కొలుస్తున్నవాడికి ఆ లెక్కలో అనుమానమే లేదు.

అవతలి మనిషంటే ఎదురింటి ఎలక్ట్రీషియను. చూడ్డానికి కరెంటు స్తంభానికి తమ్ముడిలా ఉంటాడు. ఆర్నెల్ల కిందట ఒక పొద్దున అతను తన స్కూటరు తెచ్చి సరిగ్గా టైలరు ఇంటి ముందుగదిలోని కొట్టు గుమ్మానికి అడ్డంగా పెట్టాడు. తీయమని మర్యాదగా అడిగితే, సందు ఉంది కదా, మీ బొజ్జకి చాలకపోతే నేనేం చేయను అన్నాడు. బట్టలు తీసుకోవడానికి వచ్చిన నలుగురూ నవ్వారు. స్కూటరు తాళం తన చొక్కా జేబులోనే ఉందనీ, దమ్ముంటే పడగొట్టి తీసుకోమనీ కూడా అన్నాడు. టైలరు చెయ్యి చాచాడు. ఒక్క తోపుకి వెళ్లి గుడ్డపేలికల బుట్టలో కూలబడ్డాడు. లేవడానికి ఇద్దరు చెయ్యందించాల్సి వచ్చింది.

ఆ అవమానంతో అతనికి తిండి సహించలేదు. అంతకు ముందు వారమే డాక్టరు షుగరు కాగితం చూసి రోజూ వ్యాయామం చేయమంటే, తన కాళ్లు మిషను మీద రోజుకి పది మైళ్లు నడుస్తున్నాయని జవాబు చెప్పి వచ్చిన మనిషి. ఆ మాటకి డాక్టరు కూడా నవ్వాడు. భార్య మాత్రం నవ్వలేదు. అలాంటివాడు ఆ సాయంత్రమే జిమ్ములో పేరు రాయించుకున్నాడు. అక్కడికి కూడా నడిచే వెళ్లాలి. స్కూటరు రోజూ అడ్డంగా ఉంటే కొట్టులోంచి తన మోపెడ్డు బయటికి రాదు.

భార్య అతన్ని ఆపాలనే చూసింది.

"ఎందుకండీ గొడవ? ఆయనతో మీరు పడలేరు, వదిలేయండి," అనేది.

పడలేరన్న మాట వింటే చాలు, మర్నాడు టైలరు ఇంకో రెండు కిలోలు ఎక్కువ ఎత్తేవాడు. ఆదివారం ఆదివారం కొలతలు తీసుకుని ఆమెకి వినిపించేవాడు. ఛాతీ చెప్పినా జబ్బ చెప్పినా ఆమె చెవిన పడేది కాదు. నడుమెంత అని అడిగేది. కొట్లాటలో నడుముతో పనేమిటని విసుక్కుంటూనే చెప్పేవాడు. నలభై రెండు, నలభై, ముప్పై ఏడు. పెళ్లాం కూడా తన ఛాతీని లెక్కచేయడం లేదని లోపల బాధగా ఉండేది.

వీధి చివర ఎవరో ఇల్లు కట్టడానికి పోసిన ఇసుక మీద, ఆదివారం పొద్దున, కుస్తీ పోటీ అనుకున్నారు. ముందుగా ఎవరి వీపు నేలకి ఆనితే వాళ్లు ఓడినట్టు. టైలరు గెలిస్తే స్కూటరు మళ్లీ ఆ గుమ్మం వైపు రాకూడదు. తీర్పరి కోచ్.

"ఒక్కసారి గెలవనీ," అన్నాడు టైలరు బయల్దేరుతూ. "రేపటినుంచి జిమ్ము మొహం చూడను. ఎనిమిదింటిదాకా ముసుగుతన్ని పడుకుంటా."

భార్య అతని కళ్లజోడు అందుకుని వెంట నడిచింది.

ఇద్దరూ కలబడ్డారు. నలభై రెండు ఛాతీ ముందుకి తోస్తుంటే ముప్పై నాలుగు ఛాతీ వెనక్కి వెనక్కి పోయింది. ఎలక్ట్రీషియను మొహం ఎర్రబడింది, చొక్కా జేబు చిరిగింది, ఒక మోకాలు ఇసుకలో దిగబడింది. చూస్తున్నవాళ్లు మాస్టారిదే గెలుపన్నారు. భార్య కళ్లు గట్టిగా మూసుకుని కళ్లజోడుని గుండెకి అదుముకుంది. టైలరుకి అప్పుడే ఆయాసం మొదలైంది. ఆ ఒక్క క్షణంలో ఎలక్ట్రీషియను మడమ అతని మోకాలి వెనక మెలిక వేసింది. పెంచుకున్న ఛాతీ అంతా ఆకాశం వైపు తిరిగి ఇసుకలో పరుచుకుంది.

"చెప్పాను కదా మాస్టారూ," అన్నాడు కోచ్ జాలిగా.

టైలరు మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. భార్య వచ్చి అతని జుట్టులో ఇసుక దులుపుతుంటే అన్నాడు:

"ఇంకో ఆరు నెలలు. ఈసారి పరుగు కూడా మొదలెడతా. ఆయాసం వల్లే పోయింది."

"మీ ఇష్టం," అంది ఆమె.

మర్నాడు డాక్టరు కొత్త షుగరు కాగితం రెండుసార్లు చదివి, అసలు ఏం చేశారని అడిగాడు.

"ఓడిపోయాను," అన్నాడు టైలరు.

ఇంటికి రాగానే మిషను ముందు కూర్చుని, ఎలక్ట్రీషియను ఇసుక దగ్గరే విప్పి పారేసి పోయిన చొక్కాకి కొత్త జేబు కుట్టాడు. పగవాడిదైనా సరే, చిరిగిన జేబుని చూస్తూ ఊరుకోవడం అతనికి చేతకాదు. వాడి మొహం మాత్రం తను చూడనన్నాడు. చొక్కా భార్య చేతిలో పెట్టి, బూట్లు బిగించుకుని పరుగుకి వెళ్లాడు.

ఆమె అతను వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. తర్వాత స్కూటరు చుట్టూ తిరిగి రోడ్డు దాటి ఎదురింటి తలుపు తట్టింది. ఎలక్ట్రీషియను నడుము పట్టుకుని, కుంటుకుంటూ వచ్చి తలుపు తీశాడు. ఆమె చొక్కా అందించి, గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, ఇంకో ఆరు నెలలు ఓడిపోకండి."