టర్బో కోసం చేసిన చోటు

కార్లన్నీ తమంతట తామే నడిచే ఆ రోజుల్లో, విజయవాడ ఆటోనగర్ మొత్తానికి స్టీరింగ్ ఉన్న కారు దేవసహాయం షెడ్డులో ఒక్కటే మిగిలింది. దానికి టర్బో ఇంజన్ ఎక్కించాలని ఆయన ఆరు నెలలుగా తంటాలు పడుతున్నాడు. పాత ఇంజన్ దించాడు, తుప్పు గీకాడు, విదేశం నుంచి ఓడలో రావాల్సిన కొత్తదాన్ని బిగించడానికి సరిపడా బ్రాకెట్లు వెల్డింగ్ చేశాడు. వయసులో ఉండగా విన్న, వేగం అందుకునేటప్పుడు టర్బో వేసే ఆ ఈల చచ్చేలోగా మరొక్కసారి వినాలని ఆయన ఆశ.

ఆ ఉదయం కూతురు సలోమి ఫోన్ పట్టుకుని వచ్చింది.

"నాన్నా, నీ ఇంజన్ని రేవులోనే తుక్కు చేసేశారంట. ఇక పెట్రోలువి ఏవీ రానివ్వరంట."

దేవసహాయం తను వెల్డింగ్ చేసిన బ్రాకెట్లను ఒకసారి తడిమి, ఖాళీ బానెట్ మూసేశాడు.

ఆయన్ను ఎలా ఓదార్చాలో తెలియక సలోమి డ్రైవరు సీట్లో కూర్చుంది. ముప్పై ఏళ్లొచ్చినా ఆమె ఏనాడూ కారు నడపలేదు. "ఇది తిప్పితే నిజంగానే కారు తిరుగుద్దా నాన్నా?"

ఆయన కారు వెనక్కి వెళ్లి నెట్టాడు. ఇంజన్ లేని కారు తేలిగ్గా ఎండలోకి కదిలింది. ఎదురుగా కరెంటు స్తంభం కనిపించేసరికి సలోమి కెవ్వుమని స్టీరింగ్ ఎడమకు తిప్పింది. కారు ఎడమకు తిరిగింది.

"నేను తిప్పితేనే తిరిగింది నాన్నా! ఇంకొంచెం నెట్టవా?"

ఆయనకు ఆయాసం వస్తోంది. అయినా వీధి చివరి మలుపు దాకా నెట్టాడు.