కలవని గ్రూపు

కొత్త కాలేయం ఎవరికివ్వాలో జన్యుకార్డు చూసి తేల్చే రోజులవి. తాగుడు మానేసి రెండేళ్లయినా, కార్డులో కాలేయాన్ని పాడుచేసే జన్యువుందని ఓదేలు పేరు వరుసలోంచి తీసేశారు. తన కాలేయంలో ముక్క ఇస్తానని కూతురు రజిత పరీక్షకు వెళ్లింది.

నర్సు ఆమె చేతిలో కొత్త కార్డు పెట్టింది. "నీకూ మీ నాన్న జన్యువే వచ్చిందమ్మా. నీ కాలేయం పనికిరాదు. రేపు నీకు జబ్బు చేసినా వరుసలో చోటు దొరకదు."

రజిత వార్డులోకి వచ్చింది. ఓదేలు పచ్చబడ్డ కళ్లతో చూశాడు.

"ఏమన్నరు బిడ్డా?"

"బ్లడ్ గ్రూపు కలవలేదట నాయినా."

ఉబ్బిన పొట్టమీద చెయ్యేసుకుని, ఆయన చాన్నాళ్లకు నవ్వాడు.

"పోనీలే. నువ్వన్నా నా లెక్క పుట్టలే."

రజిత కార్డును సంచి అడుగుకు తోసేసి, ఆయనకు జావ తాగించసాగింది.