రోము చావిట్లో రెండెకరాలు

ఆయన పోయాక, ముదిరిన వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే దిద్దుకుని చదవండి. చెయ్యి నిదానం, ఈ కాస్త రాయడానికే చాలా మధ్యాహ్నాలు పట్టింది. మన్నించండి.

“బెజవాడలో రైలు దిగ్గానే రిజిస్ట్రారాఫీసుకి పోదాం. నువ్వు వేలిముద్ర వెయ్యి, మిగతాది నేను చూసుకుంటా” అన్నాడు రామకోటేశ్వరరావు.

“నేను వెయ్యనండి” అంది మాణిక్యమ్మ.

అది డెబ్భై ఆరో సంవత్సరం, రోము నగరం. వరి రైతుల సభకు పామర్రు నుంచి ఆయన్ని పిలిస్తే, భార్యను వెంట తెచ్చుకున్నాడు. సభ అయిపోయింది. మర్నాడు తిరుగు ప్రయాణం. ఆ పూట గైడు వాళ్ళను పాత నగరం శిథిలాలకు తీసుకొచ్చాడు. కప్పుల్లేని గుళ్ళు, విరిగిన స్తంభాలు, సందుల్లో గడ్డి.

“మా నాన్న పసుపు కుంకాల కింద రాసిచ్చిన పొలమండీ. నాకున్నది ఆ రెండెకరాలే.”

“అందుకేగా అడుగుతున్నా! ఇబ్రహీంపట్నంలో కరెంటు ఫ్యాక్టరీ వస్తోంది. అక్కడ హోటలు పెడితే తిరుగుండదు. నీకేం తెలుసే, ఊరుకో.”

గైడు ఒక ఎత్తైన రాతి అరుగును చూపించి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

“ఏమంటున్నాడండీ?”

“దీన్ని ఫోరం అంటారు. మన ఊరి చావిడి అనుకో. తగాదాలూ తీర్పులూ అన్నీ ఇక్కడే. ఆ అరుగెక్కి, చెప్పాల్సింది ఊరందరికీ వినపడేట్టు చెప్పేవాళ్ళంట.”

“ఆడవాళ్ళు కూడానా?”

ఆయన గైడును అడిగాడు. గైడు నవ్వి తల అడ్డంగా ఊపాడు.

“లేదంట. చాలా? ఇక నడు.”

మాణిక్యమ్మ నడవలేదు. కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, అరుగు పక్కన పడి ఉన్న స్తంభం ముక్క ఎక్కి నిలబడింది.

“మాణిక్యం! దిగు! నలుగురూ చూస్తున్నారు!”

“చూడనివ్వండి. అందుకేగా ఎక్కింది.” కొంగు భుజం చుట్టూ లాక్కుంది. “అయ్యా, పెద్దలారా! మా ఆయన నా పొలం అమ్మేస్తానంటున్నాడు. ఇన్నేళ్ళూ బొటనవేలికి సిరా పూసి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. మా దొడ్డి అట్టాగే పోయింది, పాడిగేదెలు అట్టాగే పోయినయ్. ఈ రెండెకరాలకి మాత్రం పెట్టను. మీరే సాక్షి!”

ఫోటోలు తీసుకుంటున్న తెల్లవాళ్ళు ఆగి చూశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. దాంతో అందరూ కొట్టారు. ఒకామె టోపీ తీసి ఊపింది.

అప్పటిదాకా మొహం ఎర్రబడి ఉన్న రామకోటేశ్వరరావు పకపకా నవ్వాడు.

“మంచి సాక్షుల్నే పట్టావు! వీళ్ళలో ఒక్కడికైనా ఒక్క ముక్క అర్థమైందా? నాటకం ఆడుతున్నావనుకుంటున్నారు. రా, రా. వేలిముద్ర సంగతి బెజవాడలో చూద్దాం.”

మాణిక్యమ్మ మొహం చిన్నబోయింది. దిగబోతే కాలికి ఆనిక దొరకలేదు. పక్కనే నీడలో పుస్తకం చదువుకుంటున్న ముసలి ఫాదరు ఒకాయన, నల్ల అంగీ, తెల్ల గడ్డం, లేచి వచ్చి చెయ్యందించాడు. ఆమెను జాగ్రత్తగా దింపి, ఆమె మొగుణ్ణి ఎగాదిగా చూశాడు.

“గుడివాడలో ముప్ఫయ్యేళ్ళు ఉండొచ్చానమ్మా. కాలవ కింద పొలమేనా? అయితే చచ్చినా వెయ్యమాకమ్మా!”

మాణిక్యమ్మ, అరవై ఎనిమిదేళ్ళు.
ఇప్పుడు ఉండేది పామర్రు, కాలవ కింద నా రెండెకరాల గట్టున.