అంతా మామూలే

"దీదీ, ఆప్ కా ఫోన్ ఫిర్ సే!" అంది హిడ్మే, కుట్టుమిషను ఆపకుండానే.

భానుశ్రీ చేతిలో సుద్దముక్క, బల్ల మీద కత్తిరించాల్సిన జాకెట్టు గుడ్డ, చుట్టూ కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లలు. సరిగ్గా ఇలాంటప్పుడే ఆ దిక్కుమాలిన ఫోను గొంతు చించుకుంటుంది. విసుగ్గా తెర వైపు చూసింది. ఎర్రటి అక్షరాలు: 'బాత్రూమ్ ముందు అదురు. అమ్మ పడి ఉండొచ్చు.'

అమ్మ అంటే అత్తగారు పార్వతమ్మ. బాత్రూమ్ గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా కింద భర్త అవినాష్ ఒక సెన్సరు పెట్టాడు. మనిషి పడితే నేల అదురుతుంది, నేల అదిరితే మొగుడూ పెళ్లాల ఫోన్లు రెండూ అరుస్తాయి. అంతవరకూ బాగానే ఉంది. కానీ వాళ్లుండే గనుల ఊరు కిరందుల్‌లో నేల అదరడానికి మనిషే పడనక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ పైన కొండ మీది గనిలో బ్లాస్టింగ్ జరిగితే కింద క్వార్టర్లలో గిన్నెలు కూడా గలగలమంటాయి. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా?

మొదట్లో భానుశ్రీ రెండు మూడుసార్లు పక్క ఊరు బచేలీలోని ఈ కుట్టు సెంటర్ నుంచి గుండె చిక్కబట్టుకుని స్కూటీ మీద పరుగెత్తింది. ప్రతిసారీ కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే అయింది. అత్తగారు నిక్షేపంగా మంచం మీద కూర్చుని "ఏటమ్మా, అప్పుడే వచ్చీసినావు?" అనేది.

అవినాష్ దానికో మందు కనిపెట్టాడు. ఫోన్లో ఆ గుర్తును వేలితో నొక్కి పట్టి, 'అదురు' తీసేసి 'మామూలు' అని మనమే పెట్టేయడం. సెన్సరు మొత్తుకున్నా సరే, ఇంట్లోని యంత్రం మాత్రం మన మాటే నమ్ముతుంది. ఒక్కోరోజు రెండుసార్లు అరిచినా, రెండు పేల్చారు కాబోలు అనుకుని భానుశ్రీ రెండుసార్లూ నొక్కేది.

ఇవాళా నొక్కింది. ఫోను నోరు మూసుకుంది.

"క్యా హువా దీదీ?"

"కుఛ్ నహీ. పహాడ్ మే బ్లాస్టింగ్," అని కత్తెర అందుకుంది.

సగం గుడ్డ కత్తిరించిందో లేదో, అవినాష్ ఫోన్ చేశాడు.

"భానూ, ఇవాళ తొందరగా వచ్చేస్తానేమో. బజ్జీలు వెయ్యకూడదూ?"

"ఏమిటంత ఉషారు?"

"పైన గనంతా పొగమంచు. పక్క మనిషి కనబడట్లేదు. డంపర్ లారీలన్నీ నిలబెట్టేశారు. బ్లాస్టింగ్ కూడా రేపటికి పెట్టారు."

కత్తెర ఆగింది.

"బ్లాస్టింగ్ లేదా? ఇందాక ఫోను అరిచిందిగా?"

"నాకు ఇప్పుడే సిగ్నల్ వచ్చింది. ఆగు, చూస్తాను." ఒక్క క్షణం తర్వాత తేలిగ్గా నవ్వాడు. "భయపెట్టకు. అంతా మామూలే అని ఉంది."

"అది నేను పెట్టిన మామూలండీ!"

"అయితే వెంటనే అమ్మకి ఫోన్ చెయ్యి!" అన్నాడు అవినాష్.

భానుశ్రీ అత్తగారికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ అంతే. పక్క క్వార్టరు నాగేశ్వరమ్మ భద్రాచలం వెళ్లింది. ఇక ఎవరిని కేకెయ్యాలో తెలియలేదు. జాకెట్టు గుడ్డ అక్కడే వదిలేసి వానలోకి ఉరికింది.

దారంతా ఎర్రబురద. స్కూటీ జారుతోంది. ఈపాటికి అత్తగారు తల పగిలి పడి ఉంటే? పిలిచి పిలిచి సొమ్మసిల్లి ఉంటే? దేవుడా, ఈ ఒక్కసారికి ఏమీ కాకుండా చూడు, ఇంకెప్పుడూ ఆ పాడు గుర్తును ముట్టుకోను అని ఏడుస్తూనే బండి నడిపింది. ఒక్క వేలితో ముసలి ప్రాణాన్ని మాయం చేసేశానే అనుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తింది.

పార్వతమ్మ మంచం మీద కూర్చుని మోచేతికి కొబ్బరినూనె రాసుకుంటోంది.

"ఏటమ్మా, అలా ఒగురుస్తన్నావు? ముందు తల తుడుచుకో."

"అత్తయ్యా, పడ్డారా?"

"పడ్డాను, లేచాను. మద్దేన్నం మాత్తర ఏసుకున్నాక కళ్లు తిరుగుతాయి కదేటి."

"మరి ఫోనెందుకు ఎత్తలేదు?"

"వంటింట్లో ఉండిపోనాది. నాను అక్కడికెళ్లేసరికి ఆగిపోనాది."

 భానుశ్రీ నేల మీద కూలబడి అత్తగారి ఒళ్లో తల పెట్టి భోరుమంది. బతికి ఉంది, అదే చాలు. కానీ ఎంత ఊరట కలిగిందో అంత సిగ్గూ వేసింది.

"తప్పయిపోయింది అత్తయ్యా. ఇంకెప్పుడూ ఇలా జరగనివ్వను."

"ఏడవకమ్మా. ఇందులో నీ తప్పేటుంది?" పార్వతమ్మ కొంగుతో కోడలి తల తుడుస్తూ సెన్సరుతో పాటు అవినాష్ గోడకు బిగించిన చిన్న దీపం వైపు చూపించింది. "పడగానే అది ఎర్రగా ఎలుగుతాది. మీరు ఫోన్లో చూసుకున్నాక పచ్చగా అయిపోతాది. నాకు అదే ధైర్నం."

భానుశ్రీ తల ఎత్తింది. దీపం పచ్చగానే ఉంది.

"అత్తయ్యా... ఇదివరకు కూడా పడ్డారా?"

"వానలు పట్టిన కాడి నుంచీ పడతనే ఉన్నాను కదమ్మా. పచ్చగా అయ్యీదాకా చూసి, మీకు తెలిసిపోనాది, ఇంక రారులే అనుకుని నానే లేచీసీదాన్ని."