ఏడు గంటల వార్తలు

సాలూరులో ఎవరు పోయినా ఆ కబురు లోకల్ చానెల్లో గౌరీశ్వరరావు చదివితేనే ఊరు కదిలేది. చానెల్‌ని పెద్ద కంపెనీ కొన్నాక ఆయన్ని ఇంటికి పంపేసి, ముఖాన్నీ గొంతునీ తన దగ్గరే ఉంచుకుంది. రోజూ ఏడింటికి వార్తలు చదివేది కంప్యూటర్ ఆడించే బొమ్మేనని ఊళ్ళో చాలామందికి తెలియదు.

ఈ ఉదయం ఆయన పోయాడు. భార్య హైమావతి చానెల్‌కి ఫోన్ చేసింది.

"రోజూ కనిపించే మనిషి పోయారని ఎలా చెప్తామండీ?" అన్నారు వాళ్ళు.

పాలాయనకి చెబితే నవ్వేశాడు. "రాత్రి కూడా వార్తలు సదివారు గదమ్మా, ఏటలాగంతారు!"

ఊరొస్తుందని శవాన్ని సాయంత్రందాకా ఉంచింది. వీధివాళ్ళు తప్ప ఎవరూ రాలేదు. ఏడింటికి టైమర్ పెట్టి ఉన్న టీవీ రోజూలాగే దానంతటదే మోగింది. తెరమీద ఆయన ఎవరి చావు కబురో చదివి, చేతులు జోడించి, "ఇక సెలవు" అన్నాడు.

స్టూడియో రెండు వీధుల అవతలే ఉన్న రోజుల్లో ఆ మాట వినగానే ఆమె కూర వెచ్చబెట్టేది. ఇప్పుడూ లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

"సావింట పొయ్యి ఎలిగించకూడదమ్మా!" పక్కింటావిడ చెయ్యి పట్టుకుంది.

"సెలవన్నారు కదా," అంది హైమావతి. "ఆకలితో వస్తారు."