పాలల్లో నానని కాగితం

పెళ్ళివంటల నాంచారమ్మ చేతిలోని గరిటె పక్కన పెట్టేసింది. పెళ్ళికొడుకు తల్లి భ్రమరాంబగారు గుత్తివంకాయ కూరలో ముంచిన యాంటీబాడీ కాగితం నిలువునా పచ్చగా వెలిగింది. మాంసంలోని కండ కణాలకు అస్థిపంజరంలా ఉండే పోగులు తగిలితే అది వెలుగుతుందని ఇప్పుడు ఇంటింటికీ తెలుసు.

"వంకాయలో మాంసమా? విస్తళ్ళు ఎత్తేయండి!" అని అరిచారావిడ.

"కాగితాన్ని ముందు పాలల్లో నానబెట్టారా అమ్మగారూ? లేకపోతే అది అడ్డమైనదాన్నీ పట్టుకుంటుంది."

"పాలన్నీ కాఫీలకే సరిపోయాయి."

నాంచారమ్మ తోడుకని దాచిన పాలల్లో కొత్త కాగితం నానబెట్టి, కూరలో ముంచింది. అది వెలగలేదు.

"అసలిది పనిచేస్తోందా?" అంటూ భ్రమరాంబగారు దాన్ని చూడమని భర్త చేతిలో పెట్టారు. ఆయన వేళ్ళు తగిలినచోటల్లా పచ్చగా మెరిసింది.

"పొద్దున్నే నడకకని చెప్పి కోడిపకోడీ బండికెళ్ళారా?"

ఆయన గబగబా వేళ్ళు పంచెకు తుడుచుకున్నారు.

నాంచారమ్మ గరిటె అందుకుంది. "ఇప్పుడు ఎవరి విస్తరి ఎత్తేయమంటారమ్మా?"